ప్రాంప్టర్ తప్పు

చిక్కడపల్లిలో టైలర్ దుకాణం పైన
మా రిహార్సల్ గది.
కింద కుట్టుమిషన్లు ఆగేదాకా
గొంతులు పెంచుకోవాలి అందరూ,
నేను తప్ప.
నేను ప్రాంప్టర్‌ని.
పదకొండేళ్లుగా ఇంకొకళ్ల మాటల్ని
ఊపిరితో మాత్రమే పలుకుతున్నదాన్ని.

ఈసారి నాటకంలో
భాస్కరుడనే కుర్రాడికి గోడల్లోంచి గొంతులు వినిపిస్తాయి.
అమ్మ తాయెత్తు కడుతుంది.
నాన్న పేపరు అడ్డం పెట్టుకుంటాడు.
స్నేహితుడికి రెండే డైలాగులు:
"ఏందిరా, పిచ్చి లేసిందా?" ఒకటి,
"మళ్ల కలుద్దాం" రెండోది.
మళ్లీ కలవడు.
రెండో అంకం నుంచి ఆ వేషగాడు
లైట్ల పక్కన నిలబడి పల్లీలు తింటుంటాడు.
మూడో అంకంలో నిచ్చెన,
నిచ్చెన పైన నీళ్ల ట్యాంకు,
తెర.

"విషాదాంతమంటే అంతేనమ్మా,
ఎక్కకపోతే చప్పట్లు ఎట్లొస్తయ్?"
అంటారు పురుషోత్తం గారు.
నేనేమీ అనను.
పుస్తకంలో లేని మాట ప్రాంప్టర్ అనకూడదు.

నా తమ్ముడి సంగతి వీళ్లకు తెలియదు.
ఎవరికి తెలియనిచ్చాం కనుక!
ఎర్రగడ్డ ఆస్పత్రికి ఒక స్టాపు ముందే దిగి
ఎండలో నడిచేవాళ్లం నేనూ అమ్మా వాడూ,
బస్సులో తెలిసినవాళ్లుంటారని.
పెళ్లిళ్లకు తీసుకెళ్లక, "పరీక్షలున్నాయి" అనేవాళ్లం.
ఇరవై తొమ్మిదేళ్లవాడికి ఏం పరీక్షలో
ఒక్కరూ అడగలేదు.
అడగకపోవడమే మర్యాద, మావాళ్లలో.

సుభాన్ ఒక్కడు వచ్చేవాడు.
మోతీనగర్‌లో పంక్చర్ షాపు, గోళ్లల్లో ఎప్పుడూ నలుపే.
శుక్రవారం నమాజయ్యాక
కవర్లో చాయ్ కట్టించుకుని వచ్చి
క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లి కూర్చునేవాడు.
తమ్ముడు ఆడితే ఆట,
ఆడకపోతే ఇద్దరి వంతూ తనే ఆడి
"నువ్వే గెల్చినవ్ ర భాయ్" అని లేచేవాడు.
ఒకరోజు, టైర్లో గాలెంతుందని అడిగినంత మామూలుగా
అడిగాడు వాణ్ని:
"ఏమంటున్నయ్ ర ఇయ్యాల, అవి?"

నాలుగు నెలలుగా మాతో అన్నం వద్దనడానికి తప్ప
నోరు తెరవనివాడు
అరగంట మాట్లాడాడు.
వంటింట్లో అమ్మ
కుళాయి కట్టేసి విన్నది.

నిన్న, రెండో అంకం.
తల్లి వేషం కమలిని గారు మాట మరిచి నావైపు చూశారు.
పుస్తకంలో ఉన్నది:
"నా పరువు తీయడానికే పుట్టావురా."
వేలు ఆ వరస మీదే ఉంది నాకు.
ఊపిరి మాత్రం వేరే మాట అందించింది.

పదకొండేళ్ల నమ్మకంతో
ఆవిడ అది అనేశారు:
"ఏమంటున్నాయిరా ఇవాళ, అవి?"

వంశీధర్‌కు దానికి జవాబు రాసి లేదు.
రాత్రి షిఫ్టు కళ్లతో
నెల రోజులుగా గోడనే చూస్తూ నటిస్తున్నవాడు
మొదటిసారి ఇటు తిరిగాడు.
కింద మిషన్లు ఎప్పుడో ఆగిపోయాయి.
"నీ గొంతుతోనే మాట్లాడుతున్నయమ్మా" అన్నాడు.

కమలిని గారి చెయ్యి
తాయెత్తు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది.
పల్లీల పొట్లం జేబులో కుక్కుకుని
స్నేహితుడి వేషగాడు, పిలవకుండానే,
వెళ్లి వాడి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎవరిదీ మాట?" అన్నారు పురుషోత్తం గారు.
"తప్పు చదివాను సార్."
పెన్సిల్‌తో మోకాలి మీద కొట్టుకుంటూ చాలాసేపున్నారు.
"సెట్టువాళ్లకు చెప్పు,
నిచ్చెన ఇప్పుడే తేవద్దని.
చూద్దాం."

పదిన్నర బస్సు.
కండక్టరు "ఎర్రగడ్డ, ఆస్పత్రి" అని అరిస్తే
అక్కడే దిగాను, అందరి ముందూ.
మా ఇంటికి దగ్గరి స్టాపు
నిజానికి అదే.

తమ్ముడు మెట్ల మీదున్నాడు, మేలుకునే.
చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాను.
అడగాల్సిన మాట నాకు కంఠతా వచ్చు.
కానీ ప్రాంప్టర్‌ని కదా,
గొంతు పైకి రావడానికి
కాస్త టైం పట్టింది.