రెండు-ఆరు

దేవరకొండ హమీదాబీ గాజుల దుకాణానికి
పోయిన శ్రావణంల వెబ్‌సైటు చేసిచ్చిన.
తెర మీద వరుసగా గుండ్రాలు,
రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది, రెండు-పది.
"మీ పాత గాజు పెట్టి చూసుకోండి" అని రాసిన.
కొలతలన్నీ ఇంచులల్లనే ఇచ్చిన,
గాజులోళ్ల లెక్క తప్పొద్దని
పదహారో వంతులు సైతం.

వారం తిరగలేదు,
డిండి నుంచి డజను వాపసు.
బోరింగు కాడ చెయ్యి దించంగనే జారినయట.
మూడు పలిగినయి.
పిల్లది రెండు-నాలుగు చెయ్యి,
ఆమె ఫోను రెండు-పది అన్నది.

టైలర్ సాయన్న టేపు అడుక్కొచ్చి
నా ఫోను మీద ఇంచును కొలిచిన:
ముప్పావు కూడా లేదు.
లాప్‌టాప్‌ల వెంట్రుక వాసి తక్కువ.
దుకాణం టీవీకి తగిలిస్తే
అదే ఇంచు రెండించులకు దగ్గరైంది.

బ్రౌజరును తిట్టబోయి ఆగిన.
అద్దం ఎంత వెడల్పో దానికి తెల్వదు,
తెల్సినా పట్టించుకోదు.
తొంభై ఆరు చుక్కలు లెక్కబెట్టి
ఇగో ఇంచు, అంటది.
చుక్క ఎంత అంటే,
చెయ్యి చాచినంత దూరంల కంటికి ఆనేటంత.
ఆ చెయ్యి ఎంత అంటే,
ఇరవై ఎనిమిది ఇంచులు.
ఇంచు కోసం చెయ్యి, చెయ్యి కోసం ఇంచు!
నిజం ఇంచు పెడితే
పాత పేజీలన్నీ చెదిరిపోతయని
పెద్దలు కూసొని ఒప్పుకున్న అబద్ధం.
కాగితం మీద అచ్చు తీస్తే మాత్రం
బుద్ధిగా ఇంచంత ఇంచు.

హమీదాబీకి ఇదంతా చెప్పిన.
చమ్కీలు ఏరుకుంట విన్నది.
"ఆ డిండి పిల్లకు ఫోన్ కలుపు" అన్నది.
"బేటీ, మీ అమ్మవి నీకు పడ్తయా?
సబ్బు పెట్టా, పెట్టకుండనా?"
రెండే ముచ్చట్లు. కొత్త డజను కట్టేసింది.

ఆ రాత్రి పేజీ మార్చిన.
ముందుగాల ఆధార్ కార్డు తెర మీద పెట్టున్రి,
గీతను కార్డు అంచు దాకా జరుపున్రి,
అప్పుడు గాజు పెట్టున్రి.
ప్లాస్టిక్ కార్డు లేనోళ్లకు
హమీదాబీ నంబరు కింద.

పొద్దున చూపెట్టబోతే
తెర దిక్కు చూడనే లేదు.
నా చెయ్యి గుంజుకొని
బొటనవేలు లోపలికి మడిచి
కణుపుల మీద ఒక్కసారి ఒత్తింది.

"ఎడమది రెండు-ఆరు.
కుడిది రెండు-ఎనిమిది అయింది గదనే,
ఆ మౌసు పట్టీ పట్టీ."