మూడు వందల నాలుగో గది

సీ వ్యూ అని రాసింది నేనే.
రాయమన్నది ఓనరు ముసలినాయుడుగారు,
కానీ అక్షరాలు నావి,
పక్కన నీలంరంగు అల బొమ్మ కూడా నాదే.

రాత్రి పదకొండున్నరకి
పూర్ణా మార్కెట్ సందు చివర ఆటో దిగింది ఆవిడ.
వీపు మీద తనకన్నా పొడుగు సంచీ,
చేతిలో ఫోను, ఫోనులో నా అల.

ఫారం సి నేను నింపేను.
దేశం మంగోలియా. పేరు ఒయూన్,
వెనకాల ఇంకా ఏదో ఉంది,
గడిలో పట్టక మార్జిన్లోకి దిగిపోయింది.
రిజిస్టరు తనే రాసుకుంది.
వచ్చిన పని అనే చోట
కాస్సేపు ఆగి
సముద్రం అని రాసింది.

పదేళ్ళుగా ఈ కౌంటర్లో కూర్చున్నాను.
పెళ్ళి అని రాస్తారు, కోర్టు వాయిదా అని రాస్తారు,
కేజీహెచ్‌లో మా మనిషి ఉన్నాడని రాస్తారు,
కొందరు గీత గీసి ఊరుకుంటారు.
సముద్రం అని ఎవరూ రాయలేదు.

తాళం ఇచ్చేటప్పుడైనా చెప్పీవలసింది.
అమ్మా, ఆ కిటికీకి ఎదురుగా
పక్క మేడవాళ్ళ నల్ల టాంకీ ఉంది,
దాని మీద ఒక కాకి కాపురం ఉంది,
ఆ వెనకాల ఏముందో మాకూ తెలీదు అని.
చెప్పలేదు.
లిఫ్టు పాడయిందని మాత్రం చెప్పేను.

ఆరు నిమిషాలు.
మెట్ల మీద చెప్పుల చప్పుడు
ఒక్కో అంతస్తే దిగుతూ వచ్చింది.
అరవలేదు. అరిస్తే నాకు అలవాటే,
మంచినీళ్ళిస్తాను, ఫ్యాను వేస్తాను,
ఓనరు ఊళ్ళో లేరంటాను.
తను కౌంటరు మీద చెయ్యి చాపింది.
కిటికీ చువ్వలు పట్టుకున్న చెయ్యి,
అరచేతినిండా పోర్టు బొగ్గు మసి.
ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో అంది:
రెండు విమానాలు. ఒక రైలు.
టాంకీ మా ఊళ్ళో కూడా ఉంది.

దానికి నా దగ్గర జవాబు లేదు.
బాత్రూములో బకెట్టు ఉంది.
బోర్లించి ఎక్కి
వెంటిలేటర్లోంచి మెడ ఎడమకి తిప్పితే
రెండు మేడల సందున వేలెడు నీలం, పగలయితే.
ఆ వేలెడుకే మా ఓనరు
అద్దె మీద నాలుగొందలు వేసేడు.
అదీ చెప్పీసేను, ఎందుకో.
నవ్వుతాదనుకున్నాను.
డబ్బులు వెనక్కిమ్మంది.

గల్లా తాళం నా దగ్గరుండదు.
మేడ మీదికి రండి అన్నాను.

పైన ఉతికిన దుప్పట్లు, ఇరవయ్యో ముప్పయ్యో,
తడితడిగా మొహానికి తగులుతూంటే
ఒక్కోటీ ఎత్తిపట్టి దారి చేసేను.
చివరి దుప్పటి అవతల చీకటి.
చీకట్లో వరసగా దీపాలు.
అది ఏ ఊరు అనడిగింది.
ఊరు కాదండి, ఓడలు,
లోపల బెర్తు దొరక్క బయట లంగరేసుకున్నాయి,
కొన్ని వారం నుంచీ.

చాలాసేపు నిలబడింది.
ఏం చూసిందో నాకు తెలీదు.
నేను ఆవిడ చెప్పులు చూసేను,
ఎడమదానికి పిన్నీసు పెట్టి ఉంది.
ఈ మేడ ఎక్కి నేనూ ఆర్నెల్లయింది.
అల్లిపురంలో మా గదికి
అబద్ధం ఆడ్డానికైనా కిటికీ లేదు.

తెల్లారి ఎనిమిదింటికి సంచీతో దిగి
మళ్ళీ అడిగింది, డబ్బులు.
రాత్రి చూసింది వేరు, నాలుగొందలు వేరు.
న్యాయమే.
జేబులోంచి తీసిచ్చేను.
రెండుసార్లు లెక్కపెట్టి
ముట్టినట్టు సంతకం పెట్టి మరీ తీసుకుంది.
రిజిస్టర్లో వెళ్ళిన టైము వేసేను.
వచ్చిన పని అయిందా అనే గడి
మా రిజిస్టర్లో లేదు.

ఆ మధ్యాహ్నమే సీ వ్యూ కొట్టీసి
సముద్రం వినబడే గది అని రాసేను.
అల బొమ్మ ఉంచేను.
రాత్రి రెండింటికి
పార్వతీపురం నుంచొచ్చిన మందుల కంపెనీ కుర్రాడు
పైనుంచి ఫోను చేసి,
గురూ, ఇది జనరేటరు అన్నాడు.
అరిచేడు కూడా.
మంచినీళ్ళ సీసా పట్టుకుని
మూడంతస్తులూ ఎక్కేను.