పులుపు నలుపు

మా ద్రాక్ష పేరు క్సినోమావ్రో.
క్సినో అంటే పులుపు, మావ్రో అంటే నలుపు.
పెట్టినవాడెవడో గానీ
పిల్లల్ని ముద్దుచేసే రకం కాదు.

వేరుపురుగు దేశాలకు దేశాలే తినేసిన రోజుల్లో
మా అమిందియో ఇసకలో నడవలేక
వెనక్కి తిరిగిపోయిందట.
అంటు లేని ముసలి తీగలు
ఇంకా తమ కాళ్ళమీదే నిలబడ్డాయి.

నాన్న తోట చెయ్యలేదు.
ముప్పై ఒక్కేళ్ళు లిగ్నైట్ గని.
ఇంటికొచ్చి సోడాతో, బ్రష్షుతో, నిమ్మచెక్కతో
గోళ్ళు తోముకునేవాడు అనెస్తిస్.
తువ్వాలు నల్లబడేది,
గోళ్ళు అలాగే ఉండేవి.

మొదటి కోత చీకటుండగానే.
సగం పండిన గుత్తుల్ని
నిమిషం ఆగకుండా పిండితే
నల్లకాయలోంచి తెల్లటి రసం.
కూలికొచ్చిన కుర్రాళ్ళు వేలు ముంచి చూస్తారు,
ఎవరో కాయలు మార్చేసినట్టు.
అదే సీసాలో రెండోసారి పొంగి
బుడగలై ముక్కులోకెక్కుతుంది.

రెండో కోత
తొక్కతో ఒక్క రాత్రి కాపురం.
ఎనిమిది గంటలకు అలారం పెట్టుకుని
కుర్చీలో కునుకు తీస్తాను.
ఓ ఏడు అలారం మోగలేదు.
లేచి చూస్తే గులాబీ కాదు,
దెబ్బ తగిలిన మోకాలి రంగు.
థెస్సలొనీకి వ్యాపారి సగం ధరకి పట్టుకెళ్ళాడు.
మరుసటేడు మళ్ళీ వచ్చి
"ఆ తప్పు ఇంకోసారి చెయ్యవా, ఎవాంథియా?" అన్నాడు.
చేశాను. రాలేదు.

ఆఖరి కోతకి
సరస్సు మీంచి చలి మొదలవుతుంది.
తొక్క, గింజ, రసం
ఒకే తొట్టిలో ఇరవై రెండు రోజులు.
ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు,
వీటికి మూడు వారాలు చాలు.
రంగు ఒంటబడుతుంది.
వగరు మాత్రం ఏళ్ళకేళ్ళు పీపాలో కూర్చుని గానీ
కోపం దిగదు.
దిగాక, ఎండిన టమాటా వాసన.

మిగిలిన పిప్పిలో నీళ్ళు పోసి పిండితే
పలచటిది ఇంకోటి.
నాన్న తాగేది అదే.
"మంచిది అమ్ముకో."

గని మూసేసిన అక్టోబరులో
పిలవకుండానే వచ్చి తొట్టి పక్కన నిలబడ్డాడు.
పైకి తేలిన తొక్కల్ని కర్రతో కిందికి నొక్కాలి,
రోజుకి మూడుసార్లు.
"ఇన్నాళ్ళూ కిందున్నది పైకి తీశాను,
ఇదేం పని?" అన్నాడు.
పన్నెండు రోజులు నొక్కాడు.
మోచేతుల దాకా ఊదా నలుపు.
సోడా అడగలేదు.
ఆ చేతులతోనే రొట్టె తుంచాడు.

ఆ రాత్రి తొమ్మిదేళ్ళ ఎర్రటి సీసా తీశాను.
ధర చెప్పలేదు.
ఒక గుక్క.
మొహం ముడిచాడు.
"పులుపు."

మాట్లాడకుండా కాసేపు
కిటికీలోంచి ఆగిపోయిన గొట్టాలకేసి చూసి
ఖాళీ గ్లాసు
నా వైపు జరిపాడు.