నూట యాభై గజాలు

రాజాపూర్, బాలానగర్, షాద్‌నగర్ —
జడ్చర్ల డిపోల పద్నాలుగేండ్ల సంది
ఈ తొవ్వల టికెట్లు గొడుతున్న.
ఎవరు ఏడ దిగుతరో మొఖం జూసి జెప్త.
ఏడ గజం ఎంతనో మాత్రం
నిరుడు దాంక తెల్వదు.

చెప్పినోడు కురుమూర్తి.
ఒకప్పుడు విత్తనాల దుకాణం,
ఇప్పుడు జేబుల విజిటింగ్ కార్డుల కట్ట.
డ్రైవర్ ఎనక సీట్ల కూసోని
"అనంతమ్మక్కా, చిట్టీ ఎత్తినవంట గద.
పైసలు బ్యాంకుల పండుకుంటయి,
భూమి పండుకోదు" అన్నడు.
ఆ మాట నాకు మూడు ట్రిప్పులు ఇనవడ్డది.

ఐతారం కారు వంపిండు.
ఆర్చి మీద రెండు సిమెంటు ఏనుగులు,
ఎర్రమట్టిల సున్నం గీతలు.
మొక్కలు నాటిండ్రు గని
వేర్లకున్న ప్లాస్టిక్ కవర్లు ఇప్పలే.
"ఇది పార్కు, ఇది క్లబ్ హౌసు,
గది నీ ఈశాన్యం మూల" —
కురుమూర్తి వేలు ఎటు వోతే
అటు గోడలు లేస్తుండె.
బగారన్నం వెట్టిండ్రు.
చెయ్యి తడి ఆరకముందే
యాభై వేలు బయానా ఇచ్చిన.
యాభై ఎనిమిదో నంబరు, తూర్పు మొఖం.
రసీదు టికెట్ల సంచిల వెట్టుకొని
ఆ రాత్రి అచ్చంపేట నైట్ హాల్టుల
దోమల నడుమ పోర్టికో కట్టిన,
కూలగొట్టిన, మల్ల కట్టిన.

తన కమీషన్ రెండు శాతం అన్నడు.
కంపెనీ గూడ ఇస్తదని అతను జెప్పలే,
నేను అడుగలే.
పోయేటోళ్లకూ వచ్చేటోళ్లకూ
ఒకటే మిషన్ల టికెట్ గొట్టేదాన్ని,
గింత సంగతి నాకే తట్టకపాయె.

వానలు మొదలైన నెల,
సంతకు మేకపిల్లను వట్టుకపోయే ముసలమ్మ
జీరో టికెట్ మడిచి కొంగున వెట్టుకుంట అడిగింది:
"జాగ గొన్నవంట, ఏడ బిడ్డా?"
లోటస్ ఎన్‌క్లేవ్ అన్న.
"గదేడ?"
తొవ్వ జెప్పిన.
"ఓ... గొర్లకుంటల్నా!
మంచి నీళ్లుంటుండె."

తామరలు ఏడ పూస్తయో
పేరు రాసినోడైనా ఆలోచించలే,
చదివినదాన్ని నేనైనా.

వీక్లీ ఆఫ్ నాడు కారడగలే.
నా బస్సులనే వోయి దిగి
రెండు కిలోమీటర్లు నడిసిన.
ఏనుగులు తడుస్తున్నయి.
పార్కుల నీళ్లు, క్లబ్ హౌసుల నీళ్లు,
నా ఈశాన్యం రాయి మీద
ఒంటికాలు మీద ఒక కొంగ.
రిజిస్ట్రేషన్ లేకుంటనే
మస్తు నిమ్మలంగ నిలవడ్డది.

ఫోన్ జేస్తే బండి మీద ఉరికొచ్చిండు.
కోపం జేద్దామని మాటలు జమ జేసుకున్న.
అతను ప్యాంటు మడుసుకోని
మోకాలు లోతుకు దిగి, ఒక్కకాడ ఆగిండు.
"ఇది నాదక్కా.
అరవై ఒకటి, అరవై రెండు.
దుకాణం అమ్మి గొన్న."

మరి నాకెందుకు జూపిస్తివి?

కప్పలు సుత సప్పుడు జేయలే కాసేపు.
"నువ్వు గొంటే
నాదానికి రేటొస్తదని."

అబద్ధం ఆడితే తిట్టేదాన్ని.
నిజం జెప్పినోన్ని ఏం జేయాల్నో
డిపోల ఎవ్వరూ నేర్పలే.

బయానాల సగం తిరిగొచ్చింది,
నాలుగు తాపలుగ, ఫోన్ల.
మిగిలిన సగానికి
నేను కొన్న చదువు ఇది:
పహాణీ పాతది అడుగు.
ముప్పై ఏండ్ల ఈసీ తీయించు.
ఊరి నక్ష జూడు, ముసలోళ్లను అడుగు.
ఎండకాలం నచ్చిన జాగను
వానల ఇంకొకసారి జూడు.
చూపించేటోన్ని ముందుగాల అడుగు,
నీకు పైసలిచ్చేది ఎవరని.

ఇయ్యాల మల్ల ముసురు.
బాలానగర్ అవుతల ఇంకో జాగున్నదట.
కురుమూర్తినే రమ్మన్న.
"ఈసారి నీ కమీషన్ నేనొక్కదాన్నే ఇస్త,
ఇంకో దిక్కు చెయ్యి సాపినవంటే సూడు" అన్న.
తలకాయ ఊపిండు.
గొడుగు మడుసుకోని ఆ సీట్లనే కూసున్నడు.

"జీరో టికెట్ నాకెందుకియ్యరక్కా" అని నవ్విండు.

మిషన్ ఒత్తిన.
చిల్లర తియ్ అన్న.