బంతిలో బంతి

రిజిస్టరుల మరాఠీల రాస్త.
చేండూ: రెండు.
రాసినప్పుడల్ల పూలచెండే కండ్లల్ల మెదులుతది.
ఒకటి గాలిపోయి అల్మారా వెనుక పడున్నది,
ఎండిన జొన్నరొట్టె లెక్క.
రెండోది ఎర్రది. అదే మా అంగన్‌వాడీ.

సిరొంచకు ఇవతల ఆరు కిలోమీటర్లు,
ప్రాణహిత గాలికి రేకులు మోగే ఒక్క గది.
పది కొట్టంగనే గడప ముందల
పదిహేడు జతల చిన్న చెప్పులు,
ఏ కాలిది ఏ కాలికో ఎవరికీ పట్టదు.

ముందుగాల గుండ్రంగ కూచుంటం.
కాళ్ళు బార చాపి, అరికాలికి అరికాలు ఆనిచ్చి,
బంతి బయటికి పోకుండ కట్ట పోసినట్టు.
పేరు పిలవాలె, దొర్లియ్యాలె. గంతే.
ఓదేలు ఎప్పుడూ తన పేరే పిలుస్తడు.
"ఓదేలూ!" అని అరిచి గోడకు దొర్లిస్తడు,
మళ్ళ తనకే వస్తదని వాని నమ్మకం.
వస్తది కూడ.

ఈ ఈడుకు బంతి పట్టుడంటే
చేతులు చాపి కండ్లు గట్టిగ మూసుకునుడు.
అది రొమ్ముకు తాకి, కింద పడి, దూరం పోయినంక
అప్పుడు చేతులు దగ్గరికొస్తయి.
"పట్టిన బాయీ, పట్టిన!"
ఖాళీ దోసిలి చూపెడతరు.
నేను చప్పట్లు కొడత.

మాసె మాత్రం నిజంగనే పడుతది.
పడితే ఇడువది.
అడివంచు మాడియా పిల్ల, వానలు మొదలైనప్పుడు చేరింది,
దాని మాట నాకు రాదు.
బంతిని కడుపుకు అదుముకొని, మోకాళ్ళు ముడుచుకొని
పొదిగే కోడి లెక్క కూచుంటది.
"ఇయ్యి బిడ్డా" అన్న. "దే బాళా" అన్న.
రెండు భాషలల్ల అడుక్కొని ఊకున్న.

ఓనాడు బక్కుబాయి పాత చీర తెచ్చింది,
మిరపకల్లంల కట్టింది, ఎన్నిసార్లు ఉతికినా తుమ్ములే.
చుట్టూ అంచు పట్టుకున్నం. నడుమ బంతి.
"లేపు!" అంటే లేస్తది,
రేకులను ముట్టి, ఎటు పడాల్నో ఆలోచించి పడతది.
చీరకు ఒక దిక్కు జానెడు చిరుగు.
మూడోసారికి బంతి అందుల నుంచి బుడుక్కున జారింది.
ఆ గదిల అంత నవ్వు నేనెప్పుడూ వినలే.
ఇగ ఆట మారింది.
ఎగరేసుడు కాదు, చిరుగులకు పంపుడు.
నేను సూదికి దారం ఎక్కిస్తుంటే
విజ్ఞత చెయ్యి పట్టుకున్నది:
"కుట్టకు బాయీ, మరి బంతి ఎట్ల పోతది?"

మాసె చీర కిందికి ఎప్పుడు దూరిందో.
ఎల్లెలకల పండుకొని, నోరు తెరిచి,
మొదటి వానకు చూసినట్టు చిరుగు దిక్కు చూస్తంది.
పడ్డది.
పట్టింది.
లేచింది, ఉరికింది.

గడప దాటింది, బోరింగు దాటింది, పత్తిచేను గట్టెక్కింది.
వెనుక పదహారుమంది,
వాళ్ళెనుక చేతిల చెప్పులతోని నేను,
నా వెనుక గంటెతోని బక్కుబాయి.
ఓదేలు అందర్ని దాటి, మాసెను కూడ దాటి
ఎందుకు ఉరుకుతున్నడో మరిచిపోయి
ఇంకా ఉరుకుతనే ఉన్నడు.

గప్పుడే ఆగింది గట్టు పక్కన జీపు.
పర్యవేక్షిక మేడం అద్దాలు తుడుచుకొని
ఎర్రటి చుక్కను, దాని వెనుక దుమ్మును,
దుమ్ముల నన్ను చూసింది.
నేను దమ్ము తీసుకునేలోపల
తన కాయితంల రాసుకున్నది: మైదానీ ఖేళ్.

పన్నెండింటికి కిచిడీ.
గోడ పొంటి బంతి కూచున్నరు, దుమ్ము కాళ్ళతోనే.
మాసె తన పక్కన జరంత జాగ ఇడిసింది.
ఆ జాగల బంతి.
దాని ముందలికి ఒక ప్లేటు జరిపింది.
బక్కుబాయి గంటె లేపి నా దిక్కు చూసింది.

మా అమ్మ మాటల ఆడేదీ బంతే,
పూసేదీ బంతే,
వరుసకు కూచొని తినేదీ బంతే.
పొయ్యమన్న.

హాజరు పదిహేడు.
కడిగిన ప్లేట్లు పద్దెనిమిది.