చేయి అందని చోటు

చొక్కా తియ్యి, లోరివాల్.
రెండింటి వాన రాకముందే పూత ఆరాలి.
ఇవాళ బెలేంలో గాలి తడిగుడ్డలా వేలాడుతోంది.
గోడలకే చెమట పడుతుంటే నీ వీపెంత?

కుడి రెక్క కింద ఒకటి. నడుము మీద రెండు.
పోయినవారం చిల్లర నాణెమంత ఉన్నది
ఇవాళ గ్లాసు అడుగంత.
మధ్యలో మానినట్టు నటిస్తూ
అంచు మాత్రం ఎర్రగా లేచి పాకుతోంది,
ఏటి పక్క మడుగులో
పళ్ళెంలా అంచులెత్తుకుని పెరిగే పెద్దాకులా.
దాని పేరూ తామరే, దీని పేరూ తామరే.
ఆ ఆకు మీద నీటిబొట్టు నిలవదు.
దీనికి నీరే తిండి.

డాక్టర్ ఇరాసిల్డా మింగే మందు రాయలేదు.
అది పడితే కిడ్నీ మాత్ర రక్తంలో పొంగిపోతుందట.
అందుకే ఈ ట్యూబు, ఈ నా వేలు,
మచ్చ అంచు దాటి ఇంకో వేలెడు దాకా
రెండు పూటలా, నాలుగు వారాలు.

నాకు అర్థమైంది ఇంతే:
నా కిడ్నీ నీ ఇంటికొచ్చిన రోజు
నీ కాపలా కుక్క దాన్ని కరవకుండా
మత్తుపెట్టి పడుకోబెట్టారు.
కుక్క పడుకున్న ఇంటికి
చుట్టాలు మాత్రమే వస్తారా?

నవ్వకు. కదిలితే పూత చెదురుతుంది.

పడవల మీద పేర్లు రాసేవాడివి నువ్వు.
ఎర్ర అక్షరానికి నీలం నీడ, నీడకు సన్నటి తెల్లగీత.
రేవులో అందరూ ఒంటి మీద గుడ్డ లేకుండా పనిచేస్తుంటే
నువ్వొక్కడివే మెడదాకా గుండీలు పెట్టుకుని.
నువ్వు దిగాక ఎవడో నిచ్చెన తుడిచాడట.
ఆ రాత్రి నువ్వు మాత్రలు వేసుకోలేదు.
మర్నాడూ వేసుకోలేదు.
డబ్బా లెక్కపెట్టాను. నాకు తెలుసు.

తిట్టాలనే వచ్చాను.
నా ఒంట్లోంచి కోసిచ్చినదాన్ని
నీ సిగ్గుకు బలిపెడతావా అని
పడవలో దారంతా వల్లెవేసుకుంటూ వచ్చాను.
నీ వీపు చూశాక మాట పెగల్లేదు.

నా డొక్కలోనూ ఉందిగా కుట్టు గీత.
చేపల గంప ఎత్తడానికి వంగినప్పుడల్లా
జాకెట్టు కిందికి లాక్కుంటాను,
ఇచ్చినదాన్నే అయినా.

ఇదిగో, అయింది. ఫ్యాను వైపు తిరుగు.
నేను సబ్బుతో చేతులు కడుక్కుంటాను,
చూసి నొచ్చుకోకు, కడుక్కోమని డాక్టరే చెప్పింది.
నిచ్చెన తుడిచినవాడూ నేనూ ఒకటి కాదు.

వాన మొదలైంది. కిటికీ వెయ్యి.
మాత్రల డబ్బా ఏదీ?
నా ముందే వేసుకో.
నాలుక ఎత్తి చూపించు.