కొసరు లేని తూకం

రాజోలు బస్టాండు మలుపులో నా బండి.
ఇనప బాండీలో గోదారి ఇసక,
ఇసకలో వేరుశెనక్కాయలు.
పంతొమ్మిదేళ్ళుగా నా కొలత ఒక్కటే:
అడుగు సొట్టపోయిన స్టీలు గళాసు,
దాని మీద పిడికెడు కొసరు.
కొసరెయ్యని చేతికి బేరం నిలవదండి.

ఆ చేత్తోనే ఓ రాత్రి
పడుకున్న హెప్సీ బుగ్గ నిమిరేను.
రెండేళ్ళ పిల్ల. నిద్రలోనే నా వేలు నోట్లో పెట్టుకుంది.
చూస్తుండగానే బుగ్గ మీద ఐదు వేళ్ళూ తేలేయి
నేను కొట్టినట్టు.
పెదవులు పొంగి, కళ్ళు పూడి,
గొంతులో ఈల.
మా అత్త దిష్టంది.
పాస్టరు గారు నూనె రాసి ప్రార్థన చేసేరు.
ఆటో పిలిచింది మాత్రం కరుణ.

తర్వాత తెలిసింది
నా గింజే నా బిడ్డకి గిట్టదని.
జీడిపప్పూ అంతేనట.
కరుణ మోరి వెళ్ళి పప్పు ఒలిచే పని
ఆ వారమే మానేసింది.
ఇద్దరం మానేస్తే పొయ్యి ఎలా వెలుగుద్ది?

అప్పట్నించీ నాకు రెండు చొక్కాలు.
బండి చొక్కా వీధి అరుగు పక్కన మేకుకి,
ఇంటి చొక్కా గుమ్మం లోపల.
మధ్యలో బోరింగు, సబ్బు,
గోళ్ళ సందులకి పాత టూత్‌బ్రష్షు.
ఇవన్నీ అయ్యేకే నేను నాన్నని.

"ఎలా ఉంటాది నాన్నా, రుచి?"
ఏడేళ్ళొచ్చేక అడిగింది.
వేడివేడి, కరకర, ఉప్పుప్పగా అని
రోజంతా అరిచే గొంతు నాది.
దాని ముందు ఒక్క మాటా రాలేదు.

కాకినాడ పెద్దాసుపత్రిలో
ఇలాంటి పిల్లల మీద పరిశోధనంటే పేరిచ్చేం.
అమలాపురం దాటి, యానాం వంతెన దాటి,
నా ఒళ్ళో ఇంజెక్షను సంచి.
వెనక సీట్లో ఎవరో కాయలు చిట్లగొడుతున్నారు.
నాకు అన్నం పెట్టే చప్పుడే.
లేచి సీటు మారేం.

మైథిలి డాక్టరు గారు కాగితం చదివేరు, గంటసేపు.
"ఇష్టం లేకపోతే మధ్యలో మానెయ్యొచ్చు,
కారణం చెప్పక్కర్లేదు" అన్నారు.
అంత మర్యాదగా నన్నెవరూ ఏదీ అడగలేదు.

అద్దాల అవతల గదిలో లూర్దు సిస్టరు,
గాజు పెట్టెలో తక్కెడ.
ఊపిరి తగిలినా అంకె కదులుద్దంట, తలుపులేసేరు.
మొదటి చెంచాకి మూడు మిల్లీగ్రాములు.
ఒక గింజలో రెండొందలో వంతు!
రవ్వంత పిండి ఎక్కువైతే
కత్తి మొనతో వెనక్కి తీసింది.
నా కళ్ళతో చూసేను,
ఆవిడ కొసరు తీసేస్తోంది.

రెండు డబ్బాలు, రెండు గురువారాలు.
ఒకదాంట్లో నా సరుకు,
ఒకదాంట్లో ఓట్స్ పిండి.
ఏదేదో డాక్టరు గారికీ తెలీదు.
తూచిన సిస్టరుకి తెలుసు,
ఆవిడ ఈ గదిలోకి రాదు.

అరటిపండు గుజ్జులో కలిపి
అరగంటకో చెంచా.
వాళ్ళు వీపు చూస్తున్నారు, ఊపిరి వింటున్నారు.
నేను బుగ్గే చూస్తున్నాను
ఆ ఐదు వేళ్ళ కోసం.
ఆఖరి చెంచా.
గంట. రెండు గంటలు.
ఏవీ తేలలేదు.

"బాలేదు నాన్నా, మట్టిలా ఉంది"
అంది హెప్సీ, మూతి తుడుచుకుంటూ.
గదంతా నవ్వింది. నేనూ నవ్వేను.

తిరుగు బస్సులో మాత్రం
యానాం దాకా అదే ఆలోచన.
ఆ మట్టి నాదేనా?
నాదైతే పిల్ల గెలిచింది.
కాకపోతే ఇంకా ఏదీ మొదలవ్వలేదు.

వచ్చే గురువారం రెండో డబ్బా.

ఈలోగా బండి తియ్యక తప్పుతుందా.
సాయంత్రం గళాసు నింపి, పిడికిలెత్తి, ఆగేను.
"కొసరేదీ?" అంది గాజులమ్మే ఆవిడ.
ఒక గింజ నాలిక మీద పెట్టుకుని
మట్టి కోసం వెతికేను.
ఉందో లేదో తెలీలేదు.
ఆవిడ చెయ్యి ఇంకా చాచే ఉంది.